ధూళిపలక మీద పోయిన ఒకటి

వెయ్యేళ్ల కిందటి మాట. డమాస్కస్ నగరంలో పెద్ద మసీదు పక్క బజారులో ఒక ముసలి లెక్కలాయన కూర్చునేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. ఒళ్లో అడ్డంగా ఒక చెక్కపలక, దాని మీద పలచగా పరిచిన సన్నటి ధూళి. అదే ఆయన కొట్టు, అదే ఆయన ఆస్తి. హిందూదేశం నుంచి వచ్చిన తొమ్మిది అంకెలనూ, సున్నానూ ఆ ధూళిలో వేలితో రాసేవాడు. అవసరం తీరిన అంకెను చెరిపి దాని చోటే కొత్తది వేసేవాడు. మిగిలినవాటిని ఒక స్థానం పక్కకు జరిపేవాడు. చూసేవాళ్లకు ఒక అంకె ఆనేలోపే అది మాసిపోయి ఇంకొకటి వచ్చేది. చివరికి పలక మీద ఒకే ఒక్క సంఖ్య మిగిలేది. ఆ సంఖ్యకు బజారంతా కట్టుబడేది.

ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్లలో ఒకడు కాగితాలమ్మేవాడి కొడుకు. అంచులు వంకరపోయి అమ్ముడుపోని ముక్కల్ని ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. ఉస్తాద్ ధూళిలో వేసిన ప్రతి మెట్టునూ రెల్లుకలంతో కిందకి కిందకి రాసుకుంటూ పోయేవాడు, ఏదీ చెరిపేవాడు కాదు. తోటివాళ్లు నవ్వేవారు. ఉస్తాద్‌కీ అది నచ్చేది కాదు.

"ధూళికి ఖరీదు లేదు నాయనా, కాగితానికుంది" అన్నాడు ఒకరోజు. "పైగా ధూళిలో నీ పొరపాటు నీతోనే పోతుంది. సిరాలో అది నీ తర్వాత కూడా ఉంటుంది."

కుర్రాడు తల వంచుకున్నాడు గాని రాయడం మానలేదు. వేగంగా చెరిగిపోయే అంకెల్ని మనసులో పట్టి ఉంచడం వాడికి చేతకాదు. అందుకే రాసుకునేవాడు.

ఆ ఏడు ఒక ఆలివ్ నూనె వర్తకుడు చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు మిగిలారు. గిడ్డంగిలో 236 జాడీల నూనె ఉంది. ఇంకో వర్తకుడు జాడీ 48 దిర్హమ్‌ల చొప్పున మొత్తం సరుకు కొంటానన్నాడు. ఖాజీ మనిషి ఎదుట, నలుగురు సాక్షుల ఎదుట ఉస్తాద్‌ని కూర్చోబెట్టారు.

ఆయన పెద్ద అంకె నుంచి మొదలుపెట్టాడు. రెండు నలభై ఎనిమిదులు 96. ఒక స్థానం జరిపితే 960. మూడు నలభై ఎనిమిదులు 144, అదీ కలిపాడు. మళ్లీ ఒక స్థానం జరిపాడు. ఆరు నలభై ఎనిమిదులు 288, అదీ కలిపాడు. వేలు ఆగేసరికి పలక మీద 10,328 నిలిచింది.

పంపకం ఇంకా తేలిక. ధర్మం ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుక్కి రెండేసి, కూతురికి ఒక్కొక్కటి. మొత్తం ఎనిమిది వాటాలు, వాటాకు 1,291 దిర్హమ్‌లు. ఒక్క నాణెం కూడా మిగల్లేదు. శేషం లేకుండా తెగిన లెక్కను ఎవరు శంకిస్తారు? కొన్నవాడు డబ్బు ఎంచి ఇచ్చాడు, వారసులు తీసుకున్నారు, ఉస్తాద్ పలకను అరచేత్తో చదును చేసేశాడు.

ఆ రాత్రి చనిపోయినాయన భార్యకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కొడుకుల్ని లేపింది.

"పోయినేడు మీ నాన్న ఇదే ధరకు 240 జాడీలు అమ్మాడు. 11,520 దిర్హమ్‌లు నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు నాలుగంటే నాలుగు జాడీలు తక్కువ. నాలుగు జాడీలకు పన్నెండు వందల దాకా తగ్గుతుందా?"

అందరూ కలిసి ఉస్తాద్ దగ్గరికి వెళ్లారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. ధూళి పరిచి మళ్లీ లెక్క కట్టాడు. ఈసారి 11,328 వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. తొమ్మిదులు తీసేసి సరిచూసే పద్ధతి ఆయనకు బాగా తెలుసు. నిన్న తొందరలో ఆ పని చేయలేదు, ఇప్పుడు చేశాడు. 236లో అంకెలు కలిపి తొమ్మిది తీస్తే 2, 48లో 3, రెండూ గుణిస్తే 6. నిన్నటి 10,328లో అదే పని చేస్తే 5 మిగిలింది, ఇవాళ్టి 11,328లో 6. నిన్నటిదే తప్పు.

కొన్న వర్తకుడికి కబురు వెళ్లింది. ఆయన మోసగాడేమీ కాదు. అయినా వెయ్యి దిర్హమ్‌లంటే మాటలు కాదు.

"ఉస్తాద్, నిన్న లెక్క కట్టిందీ మీ చెయ్యే, ఇవాళ కట్టిందీ మీ చెయ్యే. నిన్నటిది సాక్షుల ముందు చెప్పారు, నేను నమ్మి ఇచ్చాను. ఇవాళ వేరే మాట చెప్తున్నారు. రేపు మూడో మాట చెప్తే? తొమ్మిదులు తీసేయడం ఏమిటో నాకు తెలియదు. నాకు తెలియని కిటుకు కోసం వెయ్యి దిర్హమ్‌లు ఎలా ఇవ్వను? నిన్నటి పలక చూపించండి. ఎక్కడ తప్పారో నా కళ్లకు చూపించండి, ఇస్తాను."

ఉస్తాద్ ఒళ్లోని పలకకేసి చూశాడు. అందులో నిన్నటి జాడ ఒక్కటీ లేదు. ఎక్కడ తప్పాడో ఆయనకే తెలియదు. నలభై ఏళ్లు లెక్కలు కట్టిన మనిషి, మొదటిసారి చూపించడానికి ఏమీ లేకుండా కూర్చున్నాడు.

అప్పుడు కాగితాలవాడి కొడుకు నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పాడు. వంకర అంచు ముక్క ఒకటి తీసి ఖాజీ మనిషి ముందు పెట్టాడు. నిన్న ఉస్తాద్ వేలు కదిలినంతసేపూ వాడి కలం కూడా కదిలింది. కాగితం మీద 96, దాని కింద 960, దాని కింద 144, ఆ తర్వాత 1,004, ఆ కింద 10,040, 288, చివర 10,328.

ఉస్తాద్ చెయ్యి చాచాడు. ఆయన కంటే ముందు వర్తకుడే కాగితం అందుకున్నాడు. ఆయనకు గుణకారాలు రావు, కూడికలు మాత్రం రోజూ చేసేవే. వేలు పెట్టి పై నుంచి దిగుతూ వచ్చాడు. 960కి 144 కలపాలి. సున్నా, నాలుగు కలిస్తే నాలుగు. ఆరు, నాలుగు కలిస్తే పది, సున్నా వేసి ఒకటి చేతిలో ఉంచుకోవాలి. తొమ్మిది, ఒకటి కలిస్తే పది, చేతిలో ఉన్న ఒకటి...

వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి వచ్చి అదే చోట ఆగింది.

"ఇక్కడ ఒకటి పోయింది" అన్నాడు. "1,104 రావాలి. 1,004 ఉంది."

ఆరుని చెరిపి సున్నా వేసేటప్పుడు ఉస్తాద్ చేతిలోని ఒకటి ఆ ధూళిలోనే పోయింది. వంద తేడా, స్థానం జరిగేసరికి వెయ్యి అయింది. వర్తకుడు ఇంకెవరినీ ఏమీ అడగలేదు. సంచి విప్పి వెయ్యి దిర్హమ్‌లు ఎంచాడు. వాటాకు 125 చొప్పున పంచారు.

జనంలో ఒకాయన కుర్రాణ్ణి నిలదీశాడు. "నిన్నటి నుంచీ ఈ కాగితం నీ దగ్గరే ఉంది గదా, నీకు కనపడలేదా?"

"కనపడలేదు" అన్నాడు వాడు. "ఉస్తాద్ చెప్పారు కాబట్టి సరైనదే అనుకుని రాశాను. ఆయన ఎక్కడ తప్పారో నేనూ అక్కడే తప్పాను."

అందరూ వెళ్లిపోయాక కుర్రాడు ఆ ముక్కను చింపబోయాడు, గురువు పొరపాటు పదిమంది కంటా పడకూడదని. ఉస్తాద్ వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"చింపకు. ఆ 1,004ని గీకేయకు కూడా. పక్కన 1,104 అని రాసి, ఒకటి ఎక్కడ పోయిందో గుర్తు పెట్టు. రేపటి నుంచి నేను ఏ లెక్క కట్టినా నువ్వు పక్కన కూర్చుని రాయి. రాశాక నా చేతికివ్వకు, డబ్బు కట్టాల్సిన వాడికివ్వు."

నీతి

లెక్క కట్టినవాడు జవాబుతో పాటు దారిని కూడా అప్పగించాలి. ఆ జవాబు వల్ల నష్టపోయేవాడు సైతం ఆ దారిని నడిచి చూసుకోగలగాలి. అలా అప్పగించిన విద్యే సవరణకు నిలిచి, తరం నుంచి తరానికి పెరుగుతుంది.

కథ నేను అల్లిందే. ధూళిపలక మాత్రం నిజం, దాని మీద తగవు కూడా నిజం. క్రీ.శ. 952 ప్రాంతంలో, ఇదే డమాస్కస్‌లో, అబుల్ హసన్ అల్ ఉక్లిదిసీ అనే గణితజ్ఞుడు హిందూ గణన పద్ధతి మీద అరబ్బీలో ఒక పెద్ద పుస్తకం రాశాడు. 1157లో తీసిన దాని ప్రతి ఒకటి ఇస్తాంబుల్‌లో మిగిలి ఉంది. ధూళిపలక చేతిలో పట్టుకోవడం పరువైన మనిషికి ఇబ్బందిగా ఉందనీ, వీధుల్లో జాతకాలు చెప్పి పొట్టపోసుకునేవాళ్ల చేతుల్లో అది కనిపిస్తుందనీ ఆయన రాశాడు. అంతటితో ఆగకుండా, చెరపడం మీద, జరపడం మీద ఆధారపడిన గణన విధానాలను కాగితం మీద సిరాతో చేసుకునేలా మార్చి చూపించాడు. అంకెలు వేరే దేశానివి, కాగితం తయారీ చైనా నుంచి సమర్‌ఖండ్ మీదుగా వచ్చింది. రెండింటినీ ఒకచోట చేర్చి, చెరగని లెక్కను పద్ధతిగా నేర్పిన పుస్తకం ఇది. ఇది చిన్న సౌకర్యం కాదని నా అభిప్రాయం.

ఆ పుస్తకంలోనే ఇంకో విశేషం ఉంది. 19ని ఐదుసార్లు సగం చేస్తూ పోతాడు. తొమ్మిదిన్నర, దాని సగం, దాని సగం... చివరికి 0.59375. దాన్ని భిన్నంగా రాయకుండా, ఒకట్ల స్థానం మీద చిన్న గుర్తు పెట్టి, దాని తర్వాత అంకెల్ని వరసగా రాశాడు. ఈ రోజు మన పిల్లలు చుక్క పెట్టి రాసే దశాంశాలే అవి. ఆ గుర్తు కాగితం మీద ఉంది కాబట్టే వెయ్యేళ్ల తర్వాత కూడా ఆయన ఏం చేశాడో మనం చూడగలుగుతున్నాం.

అరబ్బీలో రాసిన ఈ పండితులు గ్రీకుల పుస్తకాలను భద్రపరిచి యూరప్ చేతికి అందించారని ఒక్క వాక్యంలో తేల్చేయడం అలవాటైపోయింది. అది వాళ్లకు అన్యాయం. అంకెలన్నీ మనవే కదా, వాళ్లు చేసిందేముందని మన దగ్గర వినిపించే మాట కూడా అంతే అన్యాయం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన సిద్ధాంతం, ఎనిమిదో శతాబ్దంలో ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో బాగ్దాద్ చేరిన భారతీయ జ్యోతిష గణితానికి ఆధారమైంది. ఆ అప్పును వాళ్లు దాచుకోలేదు. ఉక్లిదిసీ తన పుస్తకం పేరులోనే ఇది హిందూ గణన అని చెప్పుకున్నాడు. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పడం కూడా దారి చూపించడంలో భాగమే.

ఉక్లిదిసీకి నూరేళ్లకు పైగా ముందు, ఖలీఫా అల్ మమూన్ కాలంలో, అంటే 813, 833 మధ్య, బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ బీజగణితం పుస్తకం రాశాడు. అందులో వీలునామాల, వారసత్వ పంపకాల లెక్కలకే పెద్ద భాగం కేటాయించాడు. కథలో నూనె వర్తకుడి ఇంటి పంపకాన్ని పెట్టింది అందుకే. ఆ పుస్తకంలోని ఒక ప్రసిద్ధమైన లెక్క ఇది: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39, ఆ సంఖ్య ఎంత? పదిలో సగం ఐదు, ఐదు వర్గం 25, దాన్ని 39కి కలిపితే 64, మూలం 8, అందులోంచి ఐదు తీస్తే 3. సూత్రం చెప్పేసి ఊరుకోలేదు. ఒక చదరం గీసి, రెండు పక్కలా ఐదేసి వెడల్పున పట్టీలు చేర్చి, మూలలో ఖాళీ పడ్డ 25 గళ్ల చదరాన్ని పూరించి, మొత్తం కలిసి భుజం ఎనిమిది ఉన్న చదరం ఎలా అవుతుందో బొమ్మలో చూపించాడు. సూత్రాన్ని నమ్మనివాడు బొమ్మను కొలిచి చూసుకోవచ్చు.

దారి చూపించే ఈ స్వభావం అల్ కాషీ అనే గణితజ్ఞుడిలో పరాకాష్ఠకు చేరింది. 1424లో ఆయన వృత్తం చుట్టుకొలతను లెక్క కట్టాడు. 80,53,06,368 భుజాల బహుభుజిని ఊహించి, పై (π) విలువను పదహారు దశాంశ స్థానాల దాకా సరిగ్గా తేల్చాడు. ఎంత కచ్చితత్వం కావాలో లెక్క మొదలుపెట్టక ముందే నిర్ణయించుకున్నాడు. విశ్వమంత వృత్తంలో కూడా తేడా ఒక గుర్రపు వెంట్రుక మందాన్ని దాటకూడదన్నది ఆయన పెట్టుకున్న హద్దు. ఆ హద్దును చేరడానికి ఎన్నిసార్లు భుజాలను రెట్టింపు చేయాలో ముందే లెక్క కట్టి, వర్గమూలాలను పట్టికల్లో పరిచాడు.

ఈ నీతిని బతికి చూపించిన ఇద్దరు మాత్రం, నా దృష్టిలో, ఇబ్న్ అల్ హైసమ్, కమాలుద్దీన్ ఫారిసీ. హైసమ్ 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, కైరోలో స్థిరపడ్డాడు. కంటి నుంచి కిరణాలు బయటికి వెళ్లి వస్తువును తాకితే మనకు కనిపిస్తుందని యూక్లిడ్, టోలెమీ చెప్పారు. హైసమ్ దాన్ని ఒప్పుకోలేదు. వస్తువు నుంచి వచ్చే వెలుగే కంట్లోకి చేరుతుందన్నాడు. చీకటిగదికి చిన్న రంధ్రం పెట్టి, బయట వరసగా దీపాలు వెలిగించి చూశాడు. ఒక దీపానికి అడ్డుపెడితే లోపలి గోడ మీద దాని మచ్చ ఒక్కటే మాయమైంది, మిగతావి అలాగే ఉన్నాయి. వెలుగులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా సూటిగా వస్తున్నాయని ఆ గోడే చెప్పింది. దీపాలు, గది, రంధ్రం ఎవరికైనా దొరికేవే. టోలెమీ మీద తన సందేహాలను ఆయన విడిగా ఒక పుస్తకంగా కూడా రాశాడు. పెద్దలు చెప్పారు గనుక నమ్మడం సత్యాన్వేషణ కాదనీ, వాళ్ల రాతల్ని అన్ని వైపుల నుంచీ ఎదిరించి చూడాలనీ, అలా చూసేవాడు తన మీద కూడా అనుమానం ఉంచుకోవాలనీ అందులో ఆయన అభిప్రాయం.

తన మీద కూడా అన్న మాటను మూడు వందల ఏళ్ల తర్వాత ఫారిసీ నిజం చేశాడు. మేఘం పుటాకార అద్దంలా పని చేసి సూర్యకాంతిని వెనక్కి తిప్పడం వల్లే ఇంద్రధనుస్సు ఏర్పడుతుందని హైసమ్ అనుకున్నాడు. ఫారిసీ హైసమ్ దృష్టిశాస్త్రాన్ని పూర్తిగా చదివి, దాని మీద పెద్ద వ్యాఖ్యానం రాస్తూ ఈ విషయం దగ్గర ఆగాడు. నీళ్లు నింపిన గాజుగోళాన్ని వానచినుకుకు బదులుగా తీసుకుని, చీకటిగదిలో దాని మీద వెలుతురు పడేలా చేశాడు. కిరణం గోళంలోకి పోతూ వంగుతుంది, లోపలి గోడను తాకి వెనక్కి మళ్లుతుంది, బయటికి వస్తూ మళ్లీ వంగుతుంది. లోపల ఒకసారి మళ్లితే మొదటి ధనుస్సు, రెండుసార్లు మళ్లితే దాని పైన మసకగా కనిపించే రెండోది. దాదాపు అదే కాలంలో జర్మనీలో థియోడోరిక్ అనే మతగురువు కూడా, ఫారిసీ పని తెలియకుండానే, ఇదే జవాబుకు వచ్చాడు. హైసమ్ దృష్టిశాస్త్రం మాత్రం అప్పటికే లాటిన్‌లోకి వెళ్లింది. ఫారిసీ గురువును పక్కన పెట్టలేదు. హైసమ్ నేర్పిన పద్ధతితోనే, ఆ చీకటిగదితోనే, హైసమ్ పొరపాటును సరిదిద్దాడు.

ఈ వ్యాఖ్యానం అచ్చులో కనిపించింది మన హైదరాబాద్‌లో. 1888లో ఇక్కడ మొదలైన దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ అరబ్బీ చేతిరాతలను సేకరించి, పోల్చి, పరిష్కరించి ప్రచురించడమే పనిగా పెట్టుకుంది. తర్వాతి కాలంలో అది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కొనసాగింది. ఫారిసీ వ్యాఖ్యానం రెండు సంపుటాలుగా 1928, 1930 మధ్య వెలువడింది. హైసమ్ చిన్న గ్రంథాలు 1938లో, అల్ బిరూనీ ఖగోళ మహాగ్రంథం అల్ ఖానూన్ అల్ మసూదీ మూడు సంపుటాలుగా 1954, 1956 మధ్య వచ్చాయి. అరబ్ విజ్ఞాన చరిత్రను పరిశోధించే ప్రపంచ పండితులు ఈనాటికీ హైదరాబాద్ ముద్రణ అని పేరు పెట్టి వీటిని ఉదహరిస్తారు. ఒక ప్రతిలో ఉన్న పాఠం ఇంకో ప్రతిలో వేరుగా ఉంటే రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఏది తీసుకోవాలో తేల్చిన పరిష్కర్తల శ్రమ వాటి వెనక ఉంది. ఆ తేల్చింది తప్పని తోచిన చోట, తర్వాతి పండితులు మూల ప్రతుల దగ్గరికి తిరిగి వెళ్లి హైదరాబాద్ పాఠాన్ని కూడా సవరిస్తూనే ఉన్నారు.